కన్ను వచ్చేదాక

పోయిన నెల కర్నూలు పోతుంటె బస్సు కొత్తకోటల ఆగింది. చాయ్ తాగుదామని దిగిన. గిలాస చేతులకు తీసుకున్ననో లేదో ఒకాయన దగ్గరికొచ్చి, మీరు పట్టీల మేడం కాదా అని అడిగిండు. ఆ పేరుతోని నన్ను ఎవరన్న పిలిచి ఏండ్లయింది. నేను తల ఊపేసరికి ఆయన సంబురపడిండు. పాలమూరు దవాఖానల నేను కన్ను మంచిగ చేసిన పిల్లకు తండ్రి ఆయన. బిడ్డతోని నేను దిగిన ఫోటో ఇంట్ల ఉన్నదట, అట్ల గుర్తుపట్టిండు. బిడ్డ ఇప్పుడు పుణెల పదో తరగతి చదువుతున్నదని, అద్దాలు పెట్టుకుంటె ఆఖరి బెంచీకెల్లి గూడ బోర్డు మంచిగ కనబడుతదని చెప్పిండు. అట్ల చెప్పుకుంట చెప్పుకుంట, ఊళ్లె వానలు పడ్డయని చెప్పినట్టే, మా అక్క పోయింది మేడం, మొన్న ఎండకాలంల, అన్నడు. డ్రైవరు హారన్ కొడుతుండు. ఏమైంది, ఎట్ల పోయింది అని అడిగేలోపల బస్సు కదిలింది. సగం తాగిన చాయ్ అక్కడనే పెట్టి ఎక్కిన.

కర్నూలు దాక పక్క సీటామె ఏదో ఒకటి మాట్లాడుతనే ఉన్నది. నాకొక్క ముక్క వినబడలే. ఏడుపు గూడ రాలే, కోపమొచ్చింది. ఎవరి మీద అంటె చెప్పలేను. ఒక మనిషి పోయిందని తెలుసుకునేది బస్టాండుల, చాయ్ గిలాస చేతుల పట్టుకొనా అని కావచ్చు.

ఆయన అక్క పేరేందో నాకు ఇప్పటికీ తెల్వదు. దవాఖాన కార్డు మీద పిల్ల పేరుండె. అటెండరు పిల్ల పేరు పిలిస్తె ఈమె లేస్తుండె. పిల్ల ఆమెను అత్తా అంటుండె, నేను గూడ అత్తా అన్న. ఆమె నన్ను మేడం అని రెండు సార్లో మూడు సార్లో అన్నది గాని అది ఆమె నోట్లె నిలువలే, బిడ్డా అయిపోయింది. గీమాత్రం దానికి పేరెందుకు.

తెలంగాణ వచ్చిన కొత్తల సంగతి ఇది. మాది చిట్యాల. చదువు అయిపోంగనె పాలమూరుల ఒక కండ్ల దవాఖానల నాకు నౌకరి దొరికింది. ఆర్థాప్టిస్టు. మా అమ్మకు ఆ మాట నోరు తిరుగక, మా బిడ్డ కండ్ల డాక్టరు అని చిట్యాల మొత్తం చెప్పుకుంట తిరిగింది. నేను డాక్టర్ను కాదే అమ్మా అని ఎంత మొత్తుకున్నా వినలే. ఆపరేషన్ డాక్టరు చేస్తడు, అద్దాలు ఇంకొకరు రాస్తరు. రెండు కండ్లు కలిసి పనిచేస్తున్నయా లేవా చూసుడు, చేయకుంటె పట్టి కట్టో కసరత్తు చెప్పో వాటిని దారికి తెచ్చుడు నా పని. మెల్లకన్ను పిల్లలు, ఒకటి రెండుగ కనబడెటోళ్లు, ఒక కన్ను సోమరి అయినోళ్లు నా తానకు రావాలె. రావాలె అంటున్న గాని వస్తుండిరి అంటలేను.

వరండా చివర్ల నాకొక రూము ఇచ్చిండ్రు. అందుల సగం దూది డబ్బాలు. తలుపు మీద నా పని పేరు ఇంగ్లీషుల రాసి అతికిచ్చిండ్రు, అది చదివి ఒకాయన మోకాలు నొప్పని వచ్చిండు. బొక్కల డాక్టర్ను కాదు నాయినా అంటె, మరి బోర్డెందుకు పెట్టుకున్నవని నాతోనే కొట్లాడిండు. సూదులేసే రూము ఇదేనా అని అడిగెటోళ్లు, బాత్రూము ఎటు దిక్కని అడిగెటోళ్లు, వీళ్లే నాకు ఎక్కువ. డాక్టర్లకు గూడ నన్నేం చేయాల్నో తెల్వక, మందు చుక్కలేసే కాడ నిలబెడుతుండిరి. మధ్యాహ్నం డబ్బా తీసి దూది డబ్బాల ముందట కూసోని ఒక్కదాన్నే తింటుంటి. కిరాయి రూముల సాయంత్రం మాట్లాడెటోళ్లు లేరు. రోజంత పైకి చూడు, కిందికి చూడు, నా వేలు చూడు, గివే మాటలు. పొద్దుమీకినంక ఇంటికాడ అమ్మకు ఫోన్ చేసి, మంచిగున్ననే అంటె, నా గొంతు నాకే పరాయి గొంతు లెక్క వినబడుతుండె. వదిలేసి చిట్యాల పోదామని ఎన్నిసార్లు అనుకున్ననో లెక్కలేదు.

గట్లాంటి రోజులల్ల వచ్చింది ఆమె. పొడుగు మనిషి, ఎండకు కాలిన మొకం, ముందటి వెంట్రుకలు నెరిసినయి. నడవొచ్చిన పిల్లను సంకల ఎత్తుకొని ఉన్నది. పిల్లకు ఆరేండ్లుంటయి, కాళ్లు ఆమె మోకాళ్ల దాక ఏలాడుతున్నయి. డాక్టరు రాసిచ్చిన కాయితం నా ముందట పెట్టింది. కూసో అంటె కూసోలే. నేను కాయితం చూసి, ఎడమ కన్ను సోమరి అయిందని, ఎందుకైతదో, ఏం చేయాల్నో, చదువుకున్నదంత ఒప్పజెప్పుడు మొదలు పెట్టిన. మొదటి నౌకరి కదా, ఎవరన్న దొరికితె చాలు నాకు. ఆమె కొంచెంసేపు విన్నది. తర్వాత చెయ్యి అడ్డం పెట్టింది.

"అయితదా కాదా? గది చెప్పు" అన్నది.

అయితదన్న. కానియ్ అని గోడకు ఆనుకొని నిలబడ్డది. ఆమె తీరే గంత. ఎవరేం చెప్పినా చివరికి ఆమెకు కావాల్సింది ఆ ఒక్కటే. అయితదంటె కానియ్, కాదంటె సరే. మధ్యల ముచ్చట ఆమెకు వద్దు.

పిల్ల కన్ను సంగతి ఎట్ల తెలిసింది అని అడిగిన. ఇంటి ముందట పిల్లలు దాగుడుమూతలాడుతుంటె ఈ పిల్ల కుడికన్ను మీద చెయ్యి పెట్టుకొని, అత్తా, పొద్దుమీకిందా అని అడిగిందట. మిట్టమధ్యాహ్నం. ఊళ్లె ఒకరు మెల్లకన్ను అదృష్టమన్నరు, ఇంకొకరు పెద్దగయితె అదే పోతదన్నరు. ఈమె ఎవరి మాట వినలే, తెల్లారి పిల్లనెత్తుకొని కొత్తకోటల బస్సెక్కింది. పిల్ల తమ్ముని బిడ్డ. తమ్ముడు, మరదలు పుణెల బిల్డింగు పనులకు పోయిండ్రు. పిల్ల పాలు మరిచినప్పటి సంది ఈమె తాననే ఉన్నది. ఈమెకు మొగడుండె గాని ఇంకొకామెను చేసుకున్నడు, ఈమె తల్లిగారింటికి వచ్చేసింది. గిది గూడ నేను గుచ్చి గుచ్చి అడిగితె చెప్పింది, మల్ల ఎన్నడు ఆ మాట ఎత్తలే.

మంచి కన్ను మీద పట్టి అతికియ్యాలె, రోజు కొన్ని గంటలు ఉంచాలె అని చూపిచ్చిన. ముందు నాకు పెట్టు అన్నది. ఎందుకత్తా అంటె, పిల్లకు పెట్టేది ఏందో నాకు తెల్వొద్దా అన్నది. ఆమె కుడికంటికి పట్టి అతికిచ్చిన. గట్లనే వరండాల ఆ చివర దాక నడిచి వచ్చింది. తలుపుకు భుజం తగిలింది, మెట్టు కాడ తడబడ్డది. చూసినోళ్లు నవ్విండ్రు. ఆమెకు నవ్వు రాలే. వచ్చి పట్టి తీసుకుంట, ఒక పక్క లోకం ఉండదు కదా బిడ్డా, పిల్ల బుగులు పడుతది, అన్నది. నేను చదివిన పుస్తకాలల్ల గంటల లెక్కలున్నయి గాని ఆ భయం సంగతి లేదు.

రెండోసారి వచ్చినప్పుడు పట్టి ఎడమ కంటి మీద ఉన్నది. మంచి కన్ను తెరిచి, సోమరి కన్ను మూసి తోల్కొచ్చింది. నాకు తిక్కరేగింది. ఇన్నిసార్లు చెప్తి కదా, కుడి కదా మూయాల్సింది అన్న. ఆమె మొదటిసారి తల దించింది. ఊళ్లె ఆడోళ్లందరు ఆమె మీద పడ్డరట. మంచి కన్నుకు గంతలు కడుతరా ఎవరన్న, ఆ పోరికి బుద్ధి లేదు నీకు లేదా అన్నరట. ఆ పోరి నేనే. అలిసిపోయిన కన్నుకు కదా విశ్రాంతి ఇయ్యాలె అన్నరట, అది ఆమెకు గూడ నిజమే అనిపించింది. నేను మల్ల మొదటికెల్లి చెప్పిన. మెదడు ఒక కన్ను మాటే వింటది, రెండోదాన్ని పట్టించుకోదు, అందుకే అది పని మరిచిపోతది అని. ఆమె తల ఎత్తింది.

"ఓ గట్లనా. ఇద్దరు కోడండ్లున్న ఇంట్ల ఒక్కతే అంత చేస్తుంటె ఇంకోతి కాళ్లు జాపుకొని కూసుంటది. చేసేదాన్ని జర తల్లిగారింటికి తోలుడు. గంతే కదా."

గంతే అత్తా అన్న. ఆనాటి సంది పిల్లల తల్లులకు నేను చెప్పేది గదే. అర్థం కానోళ్లు ఇంతవరకు ఒక్కరు దొరకలే. నవ్వుతరు, పక్కన అత్తగారుంటె మాత్రం నవ్వరు.

పిల్ల పట్టి పెట్టుకోనని లొల్లి చేస్తుండె. ఈమె కొట్టదు, బెదిరియ్యదు. ఒకనాడు మేకపిల్లను పట్టుకొని దాని కంటికి పట్టి అతికిచ్చిందట. అది గోడకు గుద్దుకొని, తిరిగి తిరిగి చివరికి ఆ పట్టి ఊడగొట్టుకొని తిన్నదట. పిల్ల నవ్వి నవ్వి తన కన్ను ముందట పెట్టిందట. ఆ నెల ఒక పట్టి ఎక్కువ ఇయ్యమంటె ఎందుకత్తా అని అడిగిన. మేక తిన్నది అన్నది. మొకంల నవ్వు లేకుండ చెప్పింది. పిల్ల మాత్రం కుర్సీల ఎగిరెగిరి పడుతున్నది.

నెలకొకసారి రావాలె. మధ్యల గూడ వస్తుండె. పొద్దుగాల బస్సు దిగి వచ్చి, వంతు వచ్చేదాక గోడకు ఆనుకొని కూసోని కొంగుల పల్లికాయలు ఒలుస్తుండె. పొట్టు కింద పడనియ్యదు, మల్ల కొంగులనే మూట కడుతది. పక్కన ఎవరున్నా చేతుల నాలుగు గింజలు పెడుతది, తీసుకోకుంటె నారాజ్ అయితది. నా డబ్బా మూత తీసి చూసి, గిదేం బువ్వ బిడ్డా, పిట్టకా అన్నది. తర్వాతి నెలకెల్లి జొన్నరొట్టె, పల్లీల తొక్కు తెచ్చుడు మొదలు పెట్టింది. నేను తినేదాక ముందట నిలబడుతుండె. దూది డబ్బాల మధ్యల ముగ్గురం తింటుంటిమి. పిల్ల పట్టి పెట్టుకొనే తింటుండె. ఒకనాడు రూమంత కలయ చూసి, నీ తానకు ఎవ్వరు రారా బిడ్డా అని అడిగింది. అడగరాని మాట అని ఆమెకు తోచదు. తక్కువనే వస్తరు అత్తా అన్న. అయితె మాకోసమే పెట్టిండ్రు ఈ రూము అన్నది. నాకు నవ్వొచ్చింది. ఆమె పోయినంక ఆలోచిస్తె నవ్వే మాట కాదనిపిచ్చింది. నెల మొత్తంల నేను ఎదురుచూసేది వాళ్లు వచ్చే రోజు కోసమే.

పిల్ల కన్ను మెల్లగ తేరుకుంటున్నది. బోర్డు మీద పెద్ద బొమ్మలు తప్ప కనబడని కంటికి కింది వరుసలు కనబడుతున్నయి. ఉగాదికి తమ్ముడు, మరదలు పుణెకెల్లి వచ్చిపోయిండ్రు. ఆ తర్వాత పిల్లను తోల్కొచ్చినప్పుడు నేను చూస్తె కన్ను ముందుకు పోలే, ఒక వరుస వెనక్కి వచ్చింది. మల్ల చూసిన. అంతే. అత్త దిక్కు చూస్తె ఆమె కిటికీ దిక్కు చూస్తున్నది.

పిల్లను బయట బల్ల మీద కూసోబెట్టి వచ్చి తలుపు దగ్గరికేసింది. అన్ని నెలలల్ల మొదటిసారి కుర్సీల కూసున్నది.

"బిడ్డా, కన్ను ఎంత నిమ్మళంగ వస్తె పోకుంట ఉంటది?" అని అడిగింది.

నాకు వెంటనే అర్థం కాలే. ఆమెనే చెప్పింది. తమ్ముడు పోయేటప్పుడు, కన్ను మంచిగ కాంగనె ఫోన్ చెయ్యక్కా, వచ్చి తోల్కపోతా అన్నడట. మరదలు ఏడ్చిందట, బిడ్డ మొకం మరిచిపోతున్న అని. ఆమె ఏడుపు గూడ నిజమే, కన్నతల్లి కదా, నేనేమనాలె అన్నది.

"పోగొట్టుమంటలేను. నిమ్మళంగ వస్తె సరిపోతదా అని అడుగుతున్న. ఈ ఏడు కాకుంటె మీదటేడు. గంత నిమ్మళంగ."

నాలుగు నెలలు అటిటు అయితె ఏమైతది అని అనొచ్చు. అది పూర్తిగ అబద్ధం గూడ కాకపోవచ్చు. ఆమెకు పిల్ల ఉంటది, నాకు వాళ్లిద్దరు ఉంటరు. నా నోటి కొస మీదనే ఉండె ఆ మాట. వాళ్లు పోతె ఈ రూముల ఏముంటదో నాకన్న మంచిగ ఎవరికి తెలుసు. కాని వరండాల ఆ పిల్ల కాళ్లూపుకుంట ఏదో పాట పాడుతున్నది, నాకు వినబడుతున్నది.

"కొంచెం పెద్దగయితె కన్ను మన మాట వినదు అత్తా. ఈ వయసులనే రావాలె. నిమ్మళంగ అంటె అది రాదు" అన్న.

తర్వాత, తమ్ముడు పోయినప్పటి సంది పట్టి పెట్టలే అని తనే చెప్పింది. నేను అడగకముందే చెప్పింది. పొద్దుగాల లేవంగనె పట్టి చేతులకు తీసుకుంటదట, పిల్ల మొకం చూస్తదట, మల్ల డబ్బాల పెడుతదట. తప్పు చేసిన అని గూడ అనలే, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. నాకు కోపం రావాలె కదా. రాలే. లేచేటప్పుడు కుర్సీని కొంగుతోని తుడిచింది, తాను కూసున్న జాగ మాసిపోయిందేమో అన్నట్టు.

"కానియ్" అన్నది. "ఇయ్యాల్టికెల్లి పెడత."

పెట్టింది. ఎట్ల పెట్టిందంటె, ఇగ నేను తీయమంటె గూడ తీసేటట్టు లేదు. చేనుకు పోతె పిల్లను ఎంబడి తీసుకపోయి గట్టు మీద కూసోబెట్టి, పట్టి పెట్టి పల్లీలు ఏరిచ్చిందట. కండ్ల పని ఎంత చేపిస్తె అంత మంచిది అని నేను ఎన్నడో ఒకసారి చెప్పిన మాట పట్టుకొని, బియ్యంల రాళ్లేరుడు, సూదిల దారమెక్కిచ్చుడు, చింతగింజలు ఆడుడు అన్ని చేపిచ్చింది. నెల నెలకు కన్ను మెరుగయితున్నది. ప్రతిసారి నేను ఒక వరుస పెరిగింది అత్తా అంటుంటి. ఆమె మంచిదే అంటుండె.

నా రూముల రెండు గొట్టాల మిషనొకటి ఉండె. ఒక గొట్టంల సింహం బొమ్మ, ఇంకో గొట్టంల బోను. రెండు కండ్లు కలిసి చూస్తె సింహం బోన్లకు పోయినట్టు కనబడుతది. ఒక కన్ను సోమరి అయితె సింహమన్న కనబడదు, బోనన్న కనబడదు. ఆ పిల్లకు మొదటికెల్లి సింహం కనబడకపోతుండె. దసర దాటినంక ఒకనాడు గొట్టాలకు కండ్లానిచ్చి, సింహం లోపలికి పోయిందత్తా అని ఒర్లింది. మల్ల చూడుమన్న. మల్ల పోయింది. ఇద్దరం సంబురంతోని అత్త దిక్కు చూసినం.

"అయిందా?" అని అడిగింది.

అయిందత్తా అన్న. కొంచెంసేపు పిల్ల తల నిమిరింది. తర్వాత నా ఫోన్ అడిగింది, ఆమె ఫోన్ల పైసలు లేవట. నంబరు నన్ను కలుపుమన్నది. కిటికీ కాడికి పోయి నిలబడి, అటు దిక్కే మొకం పెట్టి మాట్లాడింది. తమ్ముడా, కన్ను వచ్చింది, వచ్చి తోల్కపో అన్నది. అటుకెల్లి ఆయన ఏం అన్నడో, ఊ ఊ అన్నది. ఫోన్ నా చేతుల పెట్టి పిల్లకు చెప్పులు తొడిగింది.

కన్ను వచ్చినా మల్ల వెనక్కి పోకుండ కొన్ని నెలలు చూపిస్తుండాలె. అది చెప్పి కార్డు మీద వచ్చే నెల తారీఖు వేసిచ్చిన. ఆ తారీఖు రాకముందే తమ్ముడొచ్చి పిల్లను తోల్కపోయిండు. పుణెల చూపిచ్చుకుంటం మేడం అని నాకు ఫోన్ చేసి చెప్పిండు. మంచిదే అన్న నేను గూడ.

ఆ తారీఖు నాడు పొద్దుగాల నేను రూము తాళం తీస్తుంటె అత్త గోడకు ఆనుకొని కూసోని ఉన్నది. ఒక్కతే. కొంగుల పల్లికాయలు. ఏందత్తా గిట్లొచ్చినవ్ అంటె, తారీఖున్నది కదా అన్నది. వంతులనే కూసున్నది. అటెండరు పిల్ల పేరు పిలిస్తె లేచి లోపలికొచ్చి, కార్డు నా ముందట పెట్టి కుర్సీల కూసున్నది. పిల్ల లేదు కదత్తా అని అనడానికి నోరు రాలే. లైటేసి ఆమె కండ్లే చూసిన. పైకి చూడు, కిందికి చూడు అన్న. ఆమె బుద్ధిగ చూసింది. ఎడమ కన్ను, కుడి కన్ను, రెండు కలిపి. ఆ వయసుకు అంత మంచి కండ్లు నేను తక్కువ చూసిన.

"మంచిగున్నయా?" అని అడిగింది.

ఉన్నది ఉన్నట్టు చెప్తె, మంచిగున్నయత్తా, ఇగ రావల్సిన పని లేదు అనాలె. నెలకొకసారి చూడాలె అత్తా అన్న. కార్డు తిప్పి తారీఖు వెయ్యబోయిన. ఆమె నా మొకంలకు చూసింది. ఏది దాచినా పట్టుకునే చూపది.

"నా కోసం చెప్తున్నవా బిడ్డా, నీ కోసం చెప్తున్నవా?"

ఇద్దరి కోసం అన్న. అయితె వెయ్యి అని కార్డు ముందుకు జరిపింది.

ఏడాదికి పైననే వచ్చింది ఆమె. ప్రతి నెల ఏసిన తారీఖుకే, ఒక్కనాడు తప్పలే. రొట్టె తెస్తుండె. పిల్ల ఫోన్ల ఏం మాట్లాడిందో చెప్తుండె. మొదట మస్తు ముచ్చట్లుండె, ఉండంగ ఉండంగ తక్కువైనయి. మరాఠీల మాట్లాడుతున్నది బిడ్డా, సగం నాకు సమజ్ కాదు, అన్నది ఒకనాడు. ఇంట్ల మేకలున్నయి, మాట్లాడితె అవే మాట్లాడాలె అన్నది. నేను గూడ ఆమెకే చెప్పుకుంటుంటి అన్ని. డాక్టరు ఏమన్నడో, కిరాయి ఇంటామె నీళ్లు ఎట్ల బందు చేసిందో, అమ్మ పెండ్లి సంబంధాలని ఎట్ల సతాయిస్తున్నదో. అప్పటికి నా రూముకు జనం జర జర రావట్టిండ్రు. వచ్చినోళ్లను చూసి ఆమె సంతోషపడుతుండె. కాని వాళ్లను ముందు పంపి తాను ఆఖర్ల వస్తుండె, నింపాదిగ కూసోవచ్చని.

తర్వాత నాకు నల్గొండల నౌకరి వచ్చింది. చిట్యాలకు దగ్గెర, జీతం జర ఎక్కువ. వద్దనేందుకు ఏం లేదు. ఆమె వచ్చిన రోజు రొట్టె తిన్నంక చెప్పిన. ఆమె డబ్బా కడిగి మూత పెట్టింది.

నల్గొండల గూడ నీకు ఇట్ల రూముంటదా అని అడిగింది. ఉంటదట అన్న. ఎవరన్న వస్తరా అని అడిగింది. వస్తరత్తా, పెద్ద దవాఖాన, ఎప్పుడు జనమే ఉంటరట అన్న. మంచిదే అన్నది. నీ జాగల ఇక్కడికి ఎవరొస్తున్నరు అని అడిగింది. ఇంకెవరు దొరకలేదట అన్న. కార్డు బల్ల మీద ఉన్నది, అలవాటుకొద్ది పెన్ను తీసిన. వచ్చే నెల తారీఖు వెయ్యబోతుంటె ఆమె కార్డు మీద అరచెయ్యి పెట్టింది.

"నువ్వు లేని తారీఖు నాకెందుకు బిడ్డా" అన్నది.

పెన్ను మూసిన. బయట అటెండరు బల్లలన్ని గోడకు జరుపుతున్నడు, ఆనాటి జనం అయిపోయిండ్రు. కొత్తకోట బస్సు యాల్లయిందని ఆమె లేచేదాక ఇద్దరం గట్లనే కూసున్నం.